మన ఇంటి గాలి – పొయ్యి దగ్గర నుండి పడకగది వరకు

ఆయాసమని వచ్చినవారి చీటీ రాసేటప్పుడు మేము కొన్ని ప్రశ్నలు అడుగుతాము. "బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాటుందా?" అనేది అందులో ఒకటి. మగవారు కాస్త తటపటాయించి చెబుతారు. ఆడవారు చాలామంది నొచ్చుకుంటారు. "అదేం మాట సిస్టరమ్మా, మా ఇంటావంటా లేదు" అంటారు. ఆ తర్వాత, "ఏ పొయ్యి మీద వండుతారమ్మా? ఎన్నేళ్ళ నుండి? రోజుకు ఎన్ని గంటలు పొయ్యి దగ్గర ఉంటారు?" అని అడుగుతాము. దగ్గుకూ పొయ్యికీ ఏమిటి సంబంధం అన్నట్టు చూస్తారు. ఆ సంబంధం ఏమిటో ఈ సంచికలో తెలుసుకొందాం.

చుట్ట బీడీ ముట్టని స్త్రీలకు కూడా, పొగతాగేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. డాక్టర్లు దానిని సి.ఓ.పి.డి. అంటారు. మన వాళ్ళు కొందరు ఆయాసం అంటారు, కొందరు ఎగపోత అంటారు, తెలంగాణ వైపు దమ్ము అంటారు. తెల్లవారుజామున దగ్గు, తెల్లటి తెమడ, చలికాలంలో ఎక్కువ కావడం, నాలుగు మెట్లెక్కితే రొప్పు. ఇలాంటి తల్లులు రెండు మూడు చోట్ల తెమడ పరీక్ష చేయించుకొని, టి.బి. కాదని తెలిసి, దగ్గు మందు సీసాలు తాగుతూ ఏళ్ళు గడిపేస్తారు. వయసు మీద పడింది, అంతే అనుకుంటారు. ఈలోగా శ్వాసనాళాలు ఇరుకైపోతాయి. ఒకసారి అలా పాడైన భాగం తిరిగి మామూలు కాదు. మందులతో ఆయాసాన్ని అదుపులో పెట్టవచ్చు, ఉన్న ఊపిరిని కాపాడుకోవచ్చు. అందుకే ఈ జబ్బును ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు.

పొగలో ఏముంది?

కట్టెలు, పిడకలు, కంది కంప, పత్తి కట్టె, కొబ్బరి మట్టలు ఏవి మండినా పూర్తిగా కాలవు. కాలని భాగం సన్నని నుసిగా గాలిలోకి లేస్తుంది. ఈ నుసిలో మనకు ఎక్కువ హాని చేసేది కంటికి కనిపించనిది. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే కణాలు ముక్కులోని వెంట్రుకలకూ చీమిడికీ చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అక్కడి నుండి కొన్ని రక్తంలోకీ చేరుతాయి. అందుకే పొగ వల్ల దగ్గు, ఆయాసమే కాకుండా గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు, కంటి శుక్లాలు కూడా పెరుగుతాయి. గాలి ఆడని వంటింట్లో ఈ కణాలు ఉండదగిన మోతాదు కంటే వంద రెట్ల వరకు చేరవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇళ్ళలోని ఇలాంటి పొగ వల్ల 2020 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ఆ సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలు.

మీరు ఎంత పొగ పీల్చారో మీరే ఒక లెక్క వేసి చూసుకోవచ్చు. రోజుకు ఎన్ని గంటలు కట్టెల పొయ్యి దగ్గర ఉంటారో, ఎన్ని సంవత్సరాలుగా ఉంటున్నారో ఆ రెండూ గుణించండి. రోజుకు 4 గంటలు, 15 సంవత్సరాలు అయితే 60. మైసూరు ప్రాంతపు గ్రామాల స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధనలో ఈ అంకె 60 దాటిన వారిలో దీర్ఘకాలపు దగ్గు, తెమడ జబ్బు స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. పదిహేడేళ్ళకు పెళ్ళయి అత్తవారింటికి వచ్చి ఉమ్మడి కుటుంబానికి రెండు పూటలా వండిన తల్లికి నలభై ఏళ్ళు రాకముందే ఈ అంకె దాటిపోతుంది. మీ లెక్క 60 దాటి, దగ్గు కూడా ఉంటే, ఆయాసం ముదిరేదాకా ఆగవద్దు. ఊపిరి ఊది చూసే పరీక్ష ఒకటి ఉంటుంది. గొట్టంలోకి గట్టిగా ఊదాలి, అంతే. సూది లేదు, నొప్పి లేదు. ఎక్స్‌రేలో తెలియని ఇరుకు ఈ పరీక్షలో తెలుస్తుంది.

గ్యాసు ఉన్న ఇంట్లో కూడా

"మాకు గ్యాసు వచ్చి చాలా కాలమైంది" అని చాలామంది అంటారు. నిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పది ఇళ్ళలో ఎనిమిదింటికి పైగా, తెలంగాణలో తొమ్మిదింటికి పైగా వంటకు ప్రధానంగా గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనమే వాడుతున్నట్టు తేలింది. ఇది మన తల్లులకు జరిగిన గొప్ప మేలు.

కాని మేము పల్లెలకు వెళ్ళినప్పుడు చూస్తున్నది వేరొకటి. గ్యాసు పొయ్యి మీద టీ, కూర. స్నానానికి నీళ్ళు మాత్రం కట్టెల మీదే. పశువుల కుడితి, నలుగురు చుట్టాలొస్తే అన్నం గుండిగ, పండుగ పిండివంటలు, ఇవన్నీ కట్టెల మీదే. సిలిండరు ధర చూసి పొదుపు చేస్తారు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని ఆ నీళ్ళ పొయ్యిని పెరటి వైపు, ఇంటి గోడకు దూరంగా, పైన కప్పు మాత్రమే ఉన్న పాకలోకి మార్చగలరా అని అడుగుతాము. పొయ్యి గుమ్మం పక్కనే ఉంటే పొగ నేరుగా పడకగదిలోకి వస్తుంది. గాలి ఏ వైపు నుండి వీస్తుందో చూసుకొని పెట్టుకోండి.

కట్టెల మీదే వండక తప్పని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వారికి మేము చెప్పేవి ఖర్చు లేని సంగతులు. కట్టెలు బాగా ఎండబెట్టి, వానకు తడవకుండా అటక మీదో, టార్పాలిను కిందో దాచండి. పచ్చి కట్టె పొగే ఎక్కువ, మంట తక్కువ. లావు మొద్దులను సన్నగా చీల్చుకోండి. పప్పు ముందే నానబెట్టండి, గిన్నె మీద మూత పెట్టండి, కుక్కరు ఉంటే వాడండి. పొయ్యి మండే సమయం అరగంట తగ్గినా సంవత్సరానికి ఎన్ని గంటల పొగ తగ్గుతుందో ఆలోచించండి. వంటింటికి ఎదురెదురుగా రెండు దారులు ఉండాలి. ఒక కిటికీ ఉంటే దానికి ఎదురుగా గోడ పైభాగంలో రెండు ఇటుకలు తీసి సందు పెట్టించండి. పొగ పైకి పోతుంది గనుక సందు పైనే ఉండాలి. 1980లలో ప్రభుత్వం కట్టించిన పొగరాని పొయ్యిలు కొన్ని ఇళ్ళలో మూలపడి ఉన్నాయి. వాటిలో చాలా వాటికి జబ్బు ఒక్కటే: గొట్టంలో మసి పూడుకుపోవడం. మసి దులిపితే మళ్ళీ పనిచేస్తుంది.

పొయ్యి అంటించడానికి పాలిథిన్ కవర్లు, పాల ప్యాకెట్లు, సైకిలు ట్యూబు ముక్కలు వాడే అలవాటును మాత్రం ఈ రోజుతోనే మానండి. త్వరగా అంటుకుంటుందన్న మాట నిజమే గాని ఆ పొగ కట్టెల పొగ కంటే విషపూరితమైనది. ఎండిన కొబ్బరి పీచు, తాటాకు, కాగితం చాలు.

పూర్తిగా గ్యాసు మీద వండేవారు కూడా కిటికీ మూసి వండకూడదు. ఎండుమిర్చి పోపు ఘాటుకు ఇల్లంతా దగ్గడం అందరికీ అనుభవమే. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ ఘాటే ఆ రాత్రి పిల్లికూతలు తెప్పించవచ్చు. కారానికి మిరపకాయలు వేయించే పని పెరట్లో పెట్టుకోండి. ఎగ్జాస్టు ఫ్యాను ఉంటే పొయ్యి వెలిగించక ముందే వేయండి, కట్టేశాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, ఉన్నదాన్ని ఆపవద్దు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, నేల మీదుగా పాకుతుంది. తలుపు తెరవడం అందుకే ముఖ్యం.

చంటిబిడ్డలు, బాలింతలు

మా పిల్లల వార్డులో నెమ్ముతో చేరే పసివారి తల్లులను గమనిస్తే, చాలామంది బిడ్డను చంకన వేసుకొని వండేవారే. వేరే దారి లేక అలా చేస్తారు. పెద్దవారి కంటే పసివారు నిమిషానికి ఎక్కువసార్లు ఊపిరి పీలుస్తారు. వారి శ్వాసనాళాలు సన్నవి. అందువల్ల అదే గదిలో అదే పొగ వారిని ఎక్కువ బాధిస్తుంది. ఇంటి పొగ పీల్చే పిల్లలకు నెమ్ము వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపు. గర్భిణి పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. వంట వేళకు బిడ్డను ఎత్తుకోవడానికి తాతయ్యో, నాయనమ్మో, నాన్నో ఉంటే చాలు. ఆ గంట బిడ్డను వీధి అరుగు మీద కూర్చోబెట్టుకోవడం కూడా వైద్యమే అని ఇంటి మగవారికి మేము చెబుతుంటాము.

ఇక సాంబ్రాణి మాట. బిడ్డకు తలంటు పోసి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డ కప్పి ఉయ్యాలలో పడుకోబెట్టడం మన పెద్దల ఆచారం. అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు. ఆ పొగలోనూ నిప్పు నుండి వచ్చే నుసి ఉంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంది. గుడ్డ కప్పితే రెండూ లోపలే నిలుస్తాయి. వార్డులో ఒక అమ్మమ్మ గారు మమ్మల్ని నిలదీశారు. "మా పిల్లలందరినీ ఇలాగే పెంచాను, ఏమైంది?" అన్నారు. "మీ పిల్లలు గట్టివారమ్మా, ఈ బిడ్డ రెండు కిలోల బిడ్డ" అన్నాము. ఆమె కాసేపు ఆలోచించి, "మరి తల ఎలా ఆరుతుంది?" అని అడిగారు. మెత్తటి పొడి తువ్వాలుతో అద్ది, గాలి విసరని చోట తల్లి ఒంటికి హత్తుకొని కూర్చుంటే తలా ఆరుతుంది, బిడ్డకు వెచ్చదనమూ దొరుకుతుంది. ఈ సంగతి కోడలు చెబితే ఇంట్లో గొడవ కావచ్చు. అత్తగారిని ఆసుపత్రికి వెంటబెట్టుకొని రండి, మేము చెబుతాము.

నిప్పుల కుంపటి – మూసిన గది

అన్నిటికంటే త్వరగా ప్రాణం తీసేది ఇదే గనుక కాస్త శ్రద్ధగా చదవండి. చలికాలంలో, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాలలో, బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు ఉంది. బొగ్గులు ఎర్రగా ఉండి పొగ రాకపోతే ప్రమాదం లేదనుకుంటారు. పొగ లేని నిప్పు నుండి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి. తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవారికి ఈ సూచనలేవీ తెలియవు.

గాలి సందు లేని స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టించుకున్న పట్నపు ఇళ్ళలోనూ ఇదే ప్రమాదం. కరెంటు పోయినప్పుడు వరండాలోనో, కిటికీ కిందో నడిపే జనరేటరుతో కూడా ఇదే. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే, ముఖ్యంగా బయటికి వచ్చాక తగ్గితే, ఈ వాయువునే అనుమానించాలి. తలుపులు బార్లా తెరిచి అందరినీ బయటికి తీసి వెంటనే 108కి ఫోను చేయండి. కరోనా కాలంలో చాలామంది వేలికి పెట్టే ఆక్సీమీటరు కొనుక్కున్నారు. ఈ విషయంలో దానిని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న రక్తాన్ని కూడా అది ప్రాణవాయువు ఉన్నట్టే 98, 99 అని చూపిస్తుంది. "మీటరులో బాగానే ఉంది" అని ఇంట్లో ఆగిపోకూడదు. బాలింతకు వెచ్చదనం కావాలంటే దుప్పటి, స్వెటరు, మేజోళ్ళు, బిడ్డకు టోపీ, రబ్బరు సంచిలో వేడినీళ్ళు గుడ్డ చుట్టి తల్లి పాదాల దగ్గర. బిడ్డకు మాత్రం ఆ సంచి తగలనివ్వవద్దు.

దోమల చుట్టలు

దోమలకు భయపడకుండా ఎలా ఉంటాము? మలేరియా, డెంగీ వార్డులు నిండిన రోజులు మేమూ చూశాము. అయినా రాత్రంతా కిటికీలు మూసి దోమల చుట్ట వెలిగించుకొని పడుకోవడం మంచిది కాదు. చైనా, మలేషియా దేశాల దోమల చుట్టలను పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక చుట్ట పూర్తిగా కాలితే 75 నుండి 137 సిగరెట్లు కాలినంత సన్నని నుసి వస్తుందని తేలింది. మంచం పక్కన చుట్ట, మంచం మీద ఉబ్బసం పిల్లవాడు. అర్ధరాత్రి మా క్యాజువాలిటీకి నెబులైజర్ కోసం వచ్చే ఇళ్ళలో ఈ దృశ్యం అరుదు కాదు.

దోమతెరను మించినది లేదు. అంచులు పరుపు కింద దోపాలి, చిరుగులు కుట్టుకోవాలి. కిటికీలకు జాలి కొట్టిస్తే ఒకసారి ఖర్చు, ఏళ్ళ తరబడి సుఖం. జాలి ఉంటే కిటికీ తెరిచి పడుకోవచ్చు, అది రెండో లాభం. కరెంటుకు పెట్టే ద్రావకం మిషనులో పొగ ఉండదు గాని మందు ఉంటుంది. సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు వేసి, పడుకొనేటప్పుడు తీసేసి, కిటికీ కొద్దిగా తెరవండి. ఏ కంపెనీదో తెలియని, రిజిస్ట్రేషను నంబరు ముద్రించని దోమల అగరుబత్తీలు బజారులో చవకగా దొరుకుతాయి, వాటిని కొనవద్దు. అందులో ఏ మందు, ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మామూలు అగరుబత్తీలు, కర్పూరం, కొవ్వొత్తుల పొగ కూడా పొగే. ఇంట్లో ఆయాసం రోగి ఉంటే వేరే గదిలో, కిటికీ తెరిచి, కొద్ది సేపు మాత్రమే వెలిగించండి.

ఇంట్లో చుట్ట, బీడీ

2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధం. బస్సులో బీడీ వెలిగించడానికి జంకే మనిషి ఇంటికి వచ్చి మనవడిని పక్కన కూర్చోబెట్టుకొని వెలిగిస్తాడు. ఇంటికి చట్టం రాదు, ఇంటివారే చెప్పాలి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్ద వయసు స్త్రీలకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకొని కాల్చడం. వారికి అంగిలి క్యాన్సరు ప్రమాదం చాలా ఎక్కువ. అరుగు మీద తాగుతున్నాను కదా అంటారు. తెరిచిన గుమ్మం పక్కన అరుగు ఇంట్లో భాగమే.

చెమ్మ, కూలరు, ఏ.సి.

వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి నల్లమచ్చలు కడితే అది శిలీంధ్రం. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి అది పడదు. దాని మీద సున్నమో రంగో పూస్తే నెల తిరక్కుండా పైకి వస్తుంది. నీరు ఎక్కడి నుండి దిగుతుందో ఆ పగులు పూడ్పించాలి. తడిబట్టలు పడకగదిలో ఆరేయవద్దు. పరుపులు, దిండ్లు ఎండ వచ్చిన రోజు ఆరబెట్టండి, దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతకండి. ఊడ్చేటప్పుడు ఆయాసం రోగిని బయట కూర్చోబెట్టి, తడిగుడ్డతో తుడవండి.

కూలర్ల గురించి చాలామందికి తెలియని మాట ఒకటి ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడి ముడుచుకుపోయే జబ్బులున్న వెయ్యిమందికి పైగా రోగులను మన దేశంలో 19 నగరాలలో పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు సగం మందికి పీల్చే గాలిలోని బూజు, పక్షి రెట్టల వంటివి పడక వచ్చిన జబ్బు ఉన్నట్టు తేలింది. అలాంటి వారిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలరు వాడినవారు. నిలవ నీటిలో, తడి గడ్డిలో బూజు పెరిగి గాలితో పాటు వస్తుంది. కూలరు మానమని మేము చెప్పము, మన ఎండలకు అది కావాలి. రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు పూర్తిగా పారబోసి తొట్టి రుద్ది కడగండి. దోమలు కూడా పెరగవు. ప్రతి వేసవికి గడ్డి కొత్తది వేయించండి. ఎండాకాలం అయిపోగానే ఆరబెట్టి దాచండి, తడిగా మూలన పెట్టవద్దు. అపార్ట్‌మెంటు బాల్కనీలో పావురాలకు గింజలు వేసేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇళ్ళలో పెట్టుకొనే ఏ.సి.లలో చాలావరకు బయటి గాలిని లోపలికి తేవు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతాయి. తలుపులు మూసిన గదిలో ఆరుగురు పడుకుంటే ఒకరి జలుబు ఆరుగురికీ వస్తుంది. ఉదయం, సాయంత్రం అరగంట కిటికీలు తెరవండి. జాలి ఫిల్టరు రెండు వారాలకొకసారి కడగండి.

టి.బి. రోగి ఇంట్లో ఉంటే

1910ల దశకంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషను సంఘాలు కలిసి టి.బి. శానిటోరియం నెలకొల్పాయి. అప్పటికి టి.బి.ని చంపే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, ఆహారమే వైద్యం. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఇంటి దగ్గరే మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందనీ, ఇంటివారికి అదనపు ప్రమాదం లేదనీ చూపింది. ఇంటివారికి అంటేది ఎక్కువగా రోగికి చికిత్స మొదలు కాకముందే. కాబట్టి మందులు వాడుతున్న మనిషిని గొడ్ల పాకలోకి పంపవద్దు, కంచం వేరు చేసి ఏడిపించవద్దు. టి.బి. కంచం ద్వారా రాదు, గాలి ద్వారా వస్తుంది. గాలి వెలుతురు బాగా వచ్చే గది ఇవ్వండి, కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. మందు సరిగా వాడితే సాధారణంగా రెండు వారాలలో ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పిల్లలు, ఒకసారి పరీక్షకు రండి.

విషవాయువులు చేతులారా తయారు చేయవద్దు

మరుగుదొడ్డి తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిపి పోసేవారు ఉన్నారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ చిన్న గదిలో వంగి రుద్దుతున్న తల్లికి నిమిషాలలో గొంతు పట్టేసి ఊపిరాడకుండా పోతుంది. ఏదో ఒకటే వాడండి, తలుపు తెరిచి వాడండి.

బియ్యం బస్తాలకు పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు ఇంకా ప్రమాదం. గాలిలోని తేమ తగిలి వాటి నుండి ఫాస్ఫిన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ, అనుమతి ఉన్నవారే గోదాములలో వాడవలసిన మందు అది. ఎరువుల కొట్టువాడు ఇచ్చాడని ఇంటికి తేవద్దు, పిల్లలు పడుకొనే గదిలో బస్తాలకు వేయవద్దు. బియ్యం బాగా ఎండబెట్టి, వేపాకు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి.

గాలిని శుభ్రం చేస్తాయని అమ్మేవి చాలా వచ్చాయి. సువాసన డబ్బాలు వాసనను కప్పుతాయే గాని గాలిని బాగుచేయవు. కుండీ మొక్కలు కంటికి ఇంపే. మూసిన పెట్టెలో జరిగిన 1989 నాటి పరీక్షను పట్టుకొని అవి గాలిని శుద్ధి చేస్తాయని ప్రచారం జరిగింది. ఒక మామూలు గదిలో, తెరిచిన కిటికీ చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు పదుల నుండి వందల మొక్కలు కావాలని 2019లో లెక్క తేల్చారు. ఫిల్టరు ఉన్న ప్యూరిఫయరు నుసిని తగ్గిస్తుంది గాని, కార్బన్ మోనాక్సైడును తీయదు. ఆ డబ్బుతో ముందు కిటికీ జాలి, పొగగొట్టం, ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించండి.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

మూడు వారాలు దాటిన దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, తెమడలో రక్తం ఉంటే రండి. రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే అంతవరకు కూడా ఆగవద్దు. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని భయపడి మాత్రల వెంట పడేవారు ఉన్నారు. ఇన్‌హేలర్‌లో మందు మోతాదు చాలా తక్కువ, అది నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. ఎలా పీల్చాలో మా సిస్టర్లు చూపిస్తారు, చూపించమని మీరే అడగండి.

చంటిబిడ్డకు దగ్గు ఉంటే, ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి అయిదేళ్ళ వరకు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది నెమ్ము కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలం తిరిగినా లెక్కపెడుతూ కూర్చోవద్దు. రాత్రయినా సరే బయలుదేరండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఏ పొయ్యి మీద వండుతారో, బిడ్డ గదిలో ఏ దోమల మందు వెలిగించారో డ్యూటీ సిస్టరుకు చెప్పండి. దోమల మందు ప్యాకెట్టు ఉంటే వెంట తెండి.